సుందరమ్మ గారి రెండో దెబ్బ

ముందే చెప్పేస్తున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. మా పెరట్లో గుమ్మడికాయ కాస్తే అది వీధి గుమ్మంలో పట్టలేదని చెబుతాను. పడిశం పడితే మూడు రోజులు ప్రాణం మీదికి వచ్చిందంటాను. కొత్తపేటలో నన్నెరిగినవాళ్ళు నేను పది అంటే రెండు అని మనసులో రాసుకుంటారు. మా ఆవిడ ఆ రెండు కూడా నమ్మదు.

దయ్యాల గురించి మాత్రం ఇది జరిగేదాకా ఒక్క ముక్క కూడా పెంచి చెప్పలేదు. నమ్మకం లేనిదాన్ని పెంచబుద్ధి కాదు. నేను బండ్లకి కరెంటు పని చేసేవాణ్ణి. నా లెక్కలో ఈ లోకంలో వెలిగేది ఏదైనా బ్యాటరీలోంచి బయలుదేరి, వైరు వెంట నడిచి, బల్బులో దూరి, బండి ఇనుములోంచి మళ్ళీ బ్యాటరీకి చేరాలి. ఈ దారి ఎక్కడ తెగినా చీకటే. దానికి పగలని లేదు, రాత్రని లేదు, పాపాత్ముడని లేదు, పుణ్యాత్ముడని లేదు.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా కొంత పెంచుతాను. అలవాటు. పెంచినచోటల్లా నేనే దించుకుంటూ వస్తాను. అవి కాక, ఒక్క విషయంలో మాత్రం శుద్ధ అబద్ధం ఉంది. అది ఏమిటో చివర చెబుతాను. అందాకా ఓపిక పట్టండి.

డెబ్భైల చివరి మాట ఇది. నాకు ముప్పై ఏళ్ళు. కొత్తపేటలో రోడ్డు పక్కన నాకో షెడ్డు ఉండేది. రోజుకి యాభై బండ్లు వచ్చేవి. సరే, అయిదు. అరటి గెలలు వేసుకుని రావులపాలెం పోయే లారీలు, అద్దె కార్లు, ఎప్పుడైనా ఒక పెళ్ళివారి బస్సు. షెడ్డు ముందువైపు తెరిచి ఉండేది. రెండు పక్కలా కొబ్బరాకు తడికలు. వెనక మాత్రం సున్నం కొట్టిన ఇటుక గోడ. ఈ గోడని కాస్త గుర్తుపెట్టుకోండి.

దగ్గర్లో ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. పేరెందుకు లెండి. వాళ్ళకో వ్యాను. రోగుల్ని తెచ్చేదీ అదే, నయమైనవాళ్ళని ఇంటికి దింపేదీ అదే, నయం కానివాళ్ళని దింపేదీ అదే. స్ట్రెచరు ఎక్కించడానికి వీలుగా ఆ బండికి వెనక ఒకటే పెద్ద తలుపు కట్టించారు. అది పక్కకి తెరుచుకోదు, పైకి లేస్తుంది. వెనకాల ఎర్ర దీపాలు రెండూ ఆ తలుపుకే బిగించారు. అంటే వైరు బండి కప్పులోంచి వచ్చి, మడతబందుల దగ్గర ఒక రబ్బరు గొట్టంలో దూరి, అక్కణ్ణుంచి తలుపులోకి దిగాలి. తలుపు లేచినప్పుడల్లా ఆ వైరు వంగుతుంది, దిగినప్పుడల్లా సాగుతుంది. రోజుకి ఇరవైసార్లు.

బండి నడిపేది దేవసహాయం గారు. నలభై అయిదేళ్ళుంటాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆసుపత్రి డ్రైవరు. వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టర్సులోనే ఆయన పిల్లలు పుట్టారు. చీమ అడ్డొచ్చినా బండి ఆపి, అది తప్పుకున్నాక థాంక్సండీ అని చెప్పి కదిలే మనిషి. ఇది పెంచాను. చీమలకి కాదు, బాతులకి. బాతులకి థాంక్సు చెప్పడం మాత్రం నా చెవులతో విన్నాను.

వ్యానులో వెనక కూర్చునేది సుందరమ్మ గారు, ఆసుపత్రి ఆయా. పొడుగు మనిషి, గట్టి చేతులు. కుడిచేతి వేలికి వెడల్పాటి వెండి ఉంగరం. స్ట్రెచరు ఎక్కించి, తలుపు దించి, అరచేత్తో ఆ రేకు మీద రెండు దెబ్బలు వేసేవారు, బస్సు కండక్టర్లు వేసినట్టు. చెయ్యి చప్పుడు వెనకాలే ఉంగరం టింగుమనేది. తరువాత పక్క తలుపులోంచి ఎక్కి కూర్చునేవారు. రెండో దెబ్బ పడితేగాని దేవసహాయం గారు గేరు మీద చెయ్యి వెయ్యరు. ఎందుకండీ అని అడిగితే, ఒక దెబ్బ అయితే కొబ్బరికాయ రాలినా పడుతుంది కదండీ, రెండంటే మనిషేనండి అనేవారు.

ఒక రోజు బండి తెచ్చి నా షెడ్డు ముందు ఆపారు.

"సత్తిబాబు గారండీ, ఈ వెనక దీపాల సంగతి వింతగా ఉందండి. మనం చూస్తే వెలుగుతాయండి. చూడకపోతే ఆరిపోతాయండి."

"గవర్నమెంటు ఉద్యోగాలేమో కనుక్కోండి," అన్నాను.

తలుపెత్తి చూశాను. దీపాలు రెండూ పెళ్ళిపందిట్లోలా వెలుగుతున్నాయి. టెస్టు ల్యాంపు పెట్టాను. టెస్టు ల్యాంపంటే పెద్ద యంత్రం కాదు, ఒక బల్బు, దానికి రెండు వైర్లు. ఒకటి ఇనుముకి తగిలించి రెండోది పెట్టినచోట బల్బు వెలిగితే కరెంటు అక్కడిదాకా వచ్చినట్టు. స్విచ్చి దగ్గర వచ్చింది, కప్పు దగ్గర వచ్చింది, హోల్డరులోనూ వచ్చింది. ఫ్యూజు బాగుంది. బల్బులు బాగున్నాయి. మా ఉప్పుగాలికి తుప్పు పట్టిందేమోనని ఇనుముకి వైరు కలిసేచోట గీకి బిగించాను. పంపించేశాను.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ తలుపెత్తాను. మళ్ళీ వెలిగాయి. మళ్ళీ పంపాను. మూడోసారి వచ్చినప్పుడు సుందరమ్మ గారు బండి దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, నా పని కాసేపు చూశారు.

"మేస్త్రీ గారూ, తలుపెత్తి చూస్తే ఏం తెలుస్తాదండి? రోడ్డు మీద మేం తలుపెత్తుకుని తిరుగుతామా అండి?"

అని తలుపు దించారు. దీపాలు రెండూ ఆరిపోయాయి. అరచేత్తో ఒక్కటి వేశారు. వెలిగాయి.

"ఇది దీపానికండి." ఇంకోటి వేశారు. "ఇది డైవరు గారికండి. నెల్లాళ్ళ నుంచీ ఇలాగే లాక్కొస్తన్నామండి."

అందరం నవ్వుకున్నాం. నేను ఎక్కువ నవ్వాను, సిగ్గుతో. దీపం విప్పే మరలు తలుపు లోపలివైపు ఉన్నాయి. అందుకని మేస్త్రీ అన్నవాడు ఎవడైనా ముందు తలుపెత్తుతాడు. ఎత్తగానే రబ్బరు గొట్టంలో తెగిన రాగి పోగులు ఒకదాన్నొకటి తాకుతాయి, దీపం వెలుగుతుంది. దించగానే విడిపోతాయి. పైన రబ్బరు తొడుగు నిక్షేపంలా ఉంటుంది, తెగింది లోపల. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న నాకు తెలియనిది, రోజూ ఆ తలుపు వెనక నిలబడే ఆయాకి తెలిసింది. తెలిసి ఆవిడ చేసిన పని కూడా మన కోనసీమ పనే. చెడిందని గోల చెయ్యలేదు. దానికో దెబ్బ అలవాటు చేసి, మర్యాదగా నడుపుకొచ్చారు.

ఇలాంటిదానికి మందు ఒకటే. వంగేచోట అతుకు పనికిరాదు. కప్పు దగ్గర నుంచి దీపం దాకా వైరు మొత్తం మార్చాలి. మార్చాను. కొత్త వైరు లాగి, గొట్టం బిగించి, తలుపు దించి స్విచ్చి వేయించాను. వెలిగాయి. సుందరమ్మ గారు అయిదారుసార్లు ఎత్తి దించి చూశారు. ప్రతిసారీ వెలిగాయి.

"అయితే ఇంక నాకు ఒక్క దెబ్బ చాలండి," అన్నారు.

"వద్దండి వద్దండి," అన్నారు దేవసహాయం గారు ముందు సీట్లోంచి. "నాకు రెండూ కావాలండి. ఒక్కటేస్తే నేను కదలనండి. తెల్లార్లూ అక్కడే ఉంటానండి."

ఆ తరువాత ఆరో రోజు. ముసురు పట్టి ఉంది. దీపాలు పెట్టే వేళ. నయమైన ఒక ముసలాయన్ని పి.గన్నవరం వైపు కాలవ గట్టు మీద, ఆయన ఇంటి ముందు దింపారు. ఇంటివాళ్ళు ఆయన్ని లోపలికి తీసుకుపోయారు. సుందరమ్మ గారు స్ట్రెచరు బండిలోకి తోసి తలుపు దించారు. దేవసహాయం గారు ఇంజను నడుస్తూండగా స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు.

ఒక దెబ్బ వినబడింది.

ఆయన రెండోదానికోసం చూస్తున్నారు.

వెనక నుంచి కొబ్బరికాయల లారీ వచ్చింది. ఆ డ్రైవరు ఆఖరి క్షణంలో వ్యానుని చూసి స్టీరింగు పక్కకి తిప్పేశాడు. వ్యాను కుడి మూల నొక్కుకుపోయింది. కుడి దీపం పగిలింది. ఎడమ దీపానికి గీత కూడా పడలేదు. సుందరమ్మ గారు కుడివైపు నిలబడి ఉన్నారు. ఇక్కడ నేనేమీ పెంచను. ఆసుపత్రికి వెనక్కి తీసుకుపోయింది కూడా ఆ వ్యానులోనే. స్ట్రెచరు ఎక్కించాక ఆ తలుపు ఆవిడ కాక వేరేవాళ్ళు దించడం అదే మొదటిసారి.

లారీ డ్రైవరు పోలీసులకి ఒకటే మాట చెప్పాడు. వెనక దీపం లేదు, బండి నల్లగోడలా ఉంది అని. దేవసహాయం గారూ ఒకటే మాట చెప్పారు. స్విచ్చి వేసేనండి అని. కానీ లారీ గుద్దిన చప్పుడూ సుందరమ్మ గారి కేకా విని దిగేటప్పుడు, పద్దెనిమిదేళ్ళ అలవాటు, ఇంజనూ దీపాలూ అన్నీ ఆపేసి దిగారు. కాబట్టి స్విచ్చి ఏమీ చెప్పదు. మిగిలింది వైరు.

వైరు తెగి ఉంటే తప్పు నాది. వైరు బాగుంటే ఆయన దీపం వెయ్యలేదన్నమాట. మూడో దారి లేదు. సుందరమ్మ గారి చావు మా ఇద్దరిలో ఒకరి నెత్తిన పడాలి.

ఎనిమిది రోజుల తరువాత ఆ వ్యానుని లాక్కొచ్చి నా షెడ్డులోనే పెట్టారు. సాయంత్రం నాలుగింటికి బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు వస్తారు, ఈలోగా వైరింగు విప్పి చూపించడానికి సిద్ధంగా ఉంచమన్నారు. చుట్టుపక్కల ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పని చేసినవాణ్ణే పని చూడమనడం ఏమిటని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. నోరెత్తలేదు.

బండిని వెనక్కి తోసి పెట్టారు. అంటే దాని మొహం రోడ్డుకి, వెనక తలుపు సున్నపు గోడకి. తలుపుకీ గోడకీ మధ్య అయిదడుగుల సందు. ఆ సందులో నేను. కాపలా వచ్చిన కానిస్టేబులు రోడ్డవతల టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండున్నర. ఎండ పెళపెళలాడుతోంది. చీకటి లేదు, నక్కల కూతలు లేవు, ఈదురుగాలి లేదు. కావాలంటే వెయ్యగలను, కానీ లేవు.

దేవసహాయం గారు వచ్చారు. ఎనిమిది రోజుల్లో మనిషి సగమయ్యారు. ఆయన్ని ముందు సీట్లో కూర్చోమన్నాను. "స్విచ్చి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉండండి. నేను చెప్పినప్పుడు వేద్దురుగాని." ఆయ్ అని ఎక్కి కూర్చున్నారు.

బ్యాటరీ విప్పి తీసి బల్ల మీద పెట్టాను. వైర్లు విప్పేటప్పుడు మొదట చేసే పని అదే. ఆ బల్ల వ్యానుకి పది అడుగుల దూరంలో ఉంది. తలుపెత్తి, రబ్బరు గొట్టం విప్పి చూశాను. నేను వేసిన కొత్త వైరు చెక్కుచెదరకుండా ఉంది. తలుపు దించాను.

"కనబడిందా అండి ఏమైనా?" అని ముందునుంచి అడిగారు.

"అంతా బానే ఉందండి."

తరువాత నెమ్మదిగా అన్నారు. "బానే ఉందంటే నేను పోయినట్టేనండి. అయినా, బాగున్నదాన్ని బాగోలేదనమని నేనడక్కూడదు కదండీ."

నేను తలుపు మీదికి వంగాను.

అప్పుడు పడింది. ఒకటే దెబ్బ. అరచెయ్యి రేకు మీద పడిన చప్పుడు, దాని వెనకాలే టింగుమని ఉంగరం చప్పుడు. నా మోచేతికి జానెడు దూరంలో. రేకు అదిరింది. నంబరు ప్లేటు మీది ఎండిన మట్టి రాలి నా కాళ్ళ మీద పడింది. ఆ సందులో నేను తప్ప ఎవరూ లేరు. నా రెండు చేతులూ ఖాళీగా లేవు.

ఎడమ దీపం వెలిగింది.

ముందు సీట్లో కటుక్కుమంది. ఆ దెబ్బకి దేవసహాయం గారు గేరు వేశారు. ఇంజను నడవడం లేదు, బ్యాటరీ లేదు, బండి కదిలేది కాదు. అయినా చెయ్యి తనంతట తనే గేరు మీదికి పోయింది. నోరు తనంతట తనే "రైట్" అంది.

దీపం గంటసేపు వెలిగిందని ఇదివరకు కొందరికి చెప్పాను. గంట కాదు. అయిదు లెక్కపెట్టేంతసేపు. నేను నిజంగానే లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. తరువాత ఆరిపోయింది. గాజు మీద వేలు పెట్టి చూస్తే వెచ్చగా ఉంది.

ఆయన దిగి వెనక్కి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది గానీ భయం లేదు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి ఆ కళ్ళలో కాస్త జీవం కనబడింది.

"మీరు కొట్టేరా అండి?"

"లేదండి."

"నేననుకున్నానండి. మీ చెయ్యి చప్పుడు కాదండి అది. రెండోదండి అది. ఆ రోజు బాకీ పడిపోయిందండి." తలుపు మీద చెయ్యి పెట్టారు. "దీపం కూడా వెలిగిందండీ. అద్దంలో చూసేను, మీ సున్నపుగోడ ఎర్రబడింది. మీరూ చూసేరు కదండీ?"

"ఎండ పడిందేమోనండి," అన్నాను.

ఆయన గోడకేసి చూశారు. ఆ గోడ మీద ఏ పూటా ఎండ పడదు. నాకేసి చూశారు. వెళ్ళి మళ్ళీ ముందు సీట్లో కూర్చున్నారు.

నాలుగింటికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. బ్యాటరీ బిగించి స్విచ్చి వేయించాను. ఎడమ దీపం వెలిగింది. తలుపెత్తి చూపించాను, వెలిగింది. దించి చూపించాను, వెలిగింది. ఆయన చేత్తో రేకుని ఊపి చూశారు. దీపం రెప్పయినా వెయ్యలేదు. వైరింగు బాగుంది అని రాసుకుంటున్నారు.

"సార్," అన్నారు దేవసహాయం గారు, చేతులు కట్టుకుని. "ఇందాక ఆవిడ కొట్టేరండి. దీపం దానంతటదే వెలిగిందండి. బ్యాటరీ బల్ల మీదుందండి అప్పటికి. నేను తప్పు చేసుంటే ఆవిడ వచ్చి రైట్ ఇవ్వరు కదండీ. సత్తిబాబు గారు కూడా అక్కడే ఉన్నారండి."

ఇన్‌స్పెక్టరు గారు కలం ఆపి నావైపు తిరిగారు. "ఏమయ్యా?"

"నాకేమీ వినబడలేదండి," అన్నాను.

ఆయన జాలిగా తల ఆడించి, రాసుకోవడం పూర్తి చేశారు.

దేవసహాయం గారి లైసెన్సు పోయింది. ఉద్యోగం పోయింది. క్వార్టర్సు ఖాళీ చేశారు. చర్చిలో సుందరమ్మ గారి కొడుకు ఆయన కూర్చున్న బెంచీ మీంచి లేచి వేరే బెంచీకి వెళ్ళిపోయేవాడట. ఆయన కొన్నాళ్ళు చూసి, ఆ చర్చికి వెళ్ళడమే మానేశారు.

నాలుగైదేళ్ళ తరువాత రావులపాలెం అరటి మార్కెట్టులో కనబడ్డారు. గెలలు మోస్తున్నారు. భుజం మీద అరటి జిగురు కారి చొక్కా అంతా నల్లటి మరకలు. తప్పించుకుందామనుకున్నాను గానీ ఆయనే చూశారు.

"బావున్నారా అండి మేస్త్రీ గారూ? పిల్లలు బావున్నారా అండి?"

కుశలాలయ్యాయి. గెల దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, చాలా మర్యాదగా అడిగారు. "ఒక్క మాటండి. ఆ వైరు మీరు మొత్తం మార్చేరు కదండీ?"

"ఆయ్. మొత్తం మార్చానండి."

"అంతేనండి. మీరు పనిలో మోసం చెయ్యరండి." తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నారు. "అయితే నేనే స్విచ్చి వెయ్యలేదండి. వేసేననుకున్నానండి, అంతే. ముసురు కదండీ, ఇంటికెళ్ళే తొందర. మనిషికి చెయ్యనివి చేసినట్టే గుర్తుంటాయండి."

గెల ఎత్తుకుని వెళ్ళిపోయారు. దారిలో ఒక మేక అడ్డొస్తే ఆగి, అది కదిలాక కదిలారు.

ఇదంతా నేను పదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. ఎక్కడ నలుగురు చేరినా దయ్యం కథ చెప్పు అంటారు. చెప్పేవాణ్ణి. గేరు చప్పుడు దగ్గర అందరూ నవ్వేవారు. మార్కెట్టు ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఒక సైన్సు మాస్టారు విని, దీనికి లెక్క ఉంది అన్నారు. వైరులో ఎక్కడో కాస్త కరెంటు నిలవుండి ఉంటుంది, రోడ్డు మీద లారీ పోయి రేకు అదిరి ఉంటుంది, అప్పుడు ఒక్క క్షణం మిణుక్కుమని ఉంటుంది అని. వైరనేది ఉంటే ఏదో ఒక దారిన వెలగొచ్చునన్నారు. నేను సరేనన్నాను. మా షెడ్డులో ఆయన లెక్కకి లోపం ఏమిటో నాకు తెలుసు, ఆయనకి తెలియదు.

మొన్న వేసవిలో దేవసహాయం గారు పోయారు. ఇంక నా అబద్ధం సంగతి చెబుతాను. ఆయన ఉండగా చెప్పవలసింది.

దెబ్బ కల్పించలేదు. ఉంగరం చప్పుడు కల్పించలేదు. దీపం కల్పించలేదు. నేను కల్పించింది కొత్త వైరు.

మూడోసారి వ్యాను వచ్చిన రోజు నేను వైరు మార్చలేదు. దానికి తలుపు అట్ట విప్పాలి, కప్పు అట్ట విప్పాలి, పూటంతా పడుతుంది. బయట ఒక లారీవాడు డైనమో కోసం తొందర పెడుతున్నాడు. తెగిన రెండు కొసలూ మెలిపెట్టి, టేపు చుట్టి, గొట్టంలోకి తోసేశాను. వంగేచోట అతుకు పనికిరాదని పైన రాశాను చూడండి, ఆ మాట నాకు ఆ రోజు కూడా తెలుసు. సుందరమ్మ గారు అయిదారుసార్లు ఎత్తి దించి చూసినప్పుడు అది ఆగింది. ఆరు రోజులు ఆగింది. ఆ సాయంత్రం ఆవిడ వేసిన ఒక్క దెబ్బ డ్రైవరు కోసం కాదేమోనని నా అనుమానం. తలుపు దించగానే దీపం ఆరి ఉంటుంది. ఆవిడ దీపం కోసం కొట్టి ఉంటారు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నేను గొట్టం విప్పి చూసింది నా అతుకునే. విడిపోయి ఉంది. టేపు ఊడి వేలాడుతోంది. దేవసహాయం గారిని ముందు సీట్లో కూర్చోబెట్టింది స్విచ్చి కోసం కాదు, చూడకుండా. ఇన్‌స్పెక్టరు గారి కోసం అట్టలు పొద్దుటే విప్పి ఉంచాను, ఆయన అటు తిరిగి కూర్చుని ఉండగా పాత వైరు మొత్తం లాగేశాను. చుట్టి జేబులో పెట్టుకున్నాను. తలుపు దించింది, కొత్త వైరు ఎంత పొడుగు కావాలో కొలుచుకోవడానికి. నా చేతులు రెండూ ఖాళీగా లేవన్నాను కదా. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో ఇంకా కొయ్యని కొత్త వైరు చుట్ట.

"అంతా బానే ఉందండి" అన్నది అప్పుడు. దెబ్బ పడింది అప్పుడు. ఆయన దిగి వచ్చేలోగా చుట్టా కత్తెరా సంచిలో పడేసి, ఆయన మళ్ళీ సీట్లో కూర్చున్నాక, నాలుగింటిలోగా కొత్త వైరు బిగించాను.

బ్యాటరీ బల్ల మీద ఉంది. పాత వైరు నా జేబులో ఉంది. కొత్త వైరు నా చేతిలో ఉంది. ఆ తలుపులో దీపందాకా ఒక్క రాగి పోగు లేదు. మాస్టారి లెక్కకైనా, నా లెక్కకైనా, ఆ దీపానికి దారే లేదు. అది ఎలా వెలిగిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలంటే ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి కాబట్టి ఇన్నాళ్ళూ అడగలేదు.

అయిదు లెక్కపెట్టేంతసేపు వెలిగింది. ఆ అయిదులో ఒక్కటి కూడా నేను పెంచలేదు.